కరువునాటి రైసుమిల్లు

హిందూపురం సంఘం హాల్లో నన్ను చూసి నవ్వినవాళ్ళు ముగ్గురు. ఒకాయన పైకే నవ్వాడు. ఒకాయన పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. మూడో ఆయన నోటికి టవలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మర్యాద చూపించాననుకొని ఉంటాడు. ఆ ముగ్గురిలో అతని మీదే నాకు ఎక్కువ కోపం. పైకి నవ్వినవాడికి మరుసటి నెలలోనే బస్సులో సీటు ఇచ్చాను. టవలాయనకు ఇవ్వలేదు.

ఎందుకు నవ్వారో చెప్పాలంటే ముందు నా పని చెప్పాలి. పెనుకొండ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, రేకుల పంచలో, నేను దస్తావేజులు రాసేవాణ్ణి. అమ్మకం పత్రాలు, భాగాల పత్రాలు, వీలునామాలు. రాయించుకునేవాళ్ళలో ఎక్కువ మందికి చదువు రాదు. వాళ్ళు చెబుతారు, నేను రాస్తాను. పత్రంలో 'నేను' అని ఉంటే అది నేను కాదు, చెప్పినవాడు. చివర అతని వేలిముద్ర పడుతుంది. పక్కన ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తారు. అన్నిటికన్నా కింద, దస్తూరి అని రాసి నా పేరు పెడతాను. చేతిరాత ఎవరిదో చెప్పడానికి ఆ మాట. మూడు పేజీల పత్రంలో నాకు దక్కేది అదొక్కటే.

ఇంకొకటి ఉంది. పొలానికైనా ఇంటికైనా బావికైనా చెక్కుబందీ రాస్తాం. అంటే నాలుగు దిక్కుల హద్దులు. ఆస్తి తాతల నాటిదైనా హద్దులు మాత్రం రాసిన రోజున ఏవి ఉంటే అవే రాస్తాం. తాత కాలంలో తూర్పున ఒక తుమ్మ చెట్టు ఉండేదని రాస్తే, రేపు ఆ పొలాన్ని కనిపెట్టేదెవరు? ఇది మా పనిలో మొదటి రోజు నేర్పే సంగతి. దీన్ని చదువుకున్నవాళ్ళకు చెప్పి ఒప్పించలేకపోయాను.

యాభైల చివర్లో హిందూపురం సంఘం పెద్దలు ఒక పుస్తకం వేయాలనుకున్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళలో మనవాళ్ళు మొదట క్రీస్తును ఎట్లా నమ్ముకున్నారు, ఎవరు ముందు బాప్తిస్మం తీసుకున్నారు, ఆ సంగతులన్నీ ముసలివాళ్ళు బతికుండగానే చెప్పించి, రాసి పంపమని ఇంటింటికీ కార్డులు వేశారు. మా ఇంటికి రాలేదు. పక్కింటాయన తన కార్డు గట్టిగా చదువుకుంటుంటే నాకు తెలిసింది. ఊళ్ళో రాయడమే పనిగా బతికేవాడు ఒకడున్నాడు, వాడికి కార్డు వెయ్యలేదు. పోనీలే అనుకున్నాను. అనుకున్నాను కానీ పోనివ్వలేదు.

మా ఇంట్లో చెప్పగలిగిన మనిషి మా అవ్వ, మా నాయన తల్లి. అప్పటికి డెబ్బై దాటింది. ఆమెకు ఏడో ఎనిమిదో ఏండ్లప్పుడు, ఒక కరువు సంవత్సరంలో, పెనుకొండ దిగుడుబావిలో ఒక దొర వాళ్ళ కుటుంబానికి బాప్తిస్మం ఇచ్చాడు. మా పక్క అదే మొదటిది. సంఘం రిజిస్టరులో ఆ రోజుకు ఒకే పేరుంది, అవ్వ వాళ్ళ నాయనది. పక్కన 'కుటుంబముతో' అని ఉంది. అవ్వ చెప్పేది వేరు.

"మా నాయనకి నీళ్ళంటే బయం రా. గట్టు మీదనే నిలబడి పోయినాడు. దొర నడుములోతు నీళ్ళల్లో నిలబడి పిలుస్తాండాడు, పిలుస్తాండాడు. ఈయప్ప కదలడే. మాయమ్మ చూసె, చూసె. 'నువ్వు ఈడనే ఉండు, నేను పోతా' అని దిగిపాయ. గాజులు రాతికి తగిలి రెండు చిట్లిపాయ. అయినా నిలబళ్ళే. ఆయమ్మ మునిగి లేచినాక అప్పుడు దిగినాడు మా నాయన, సిగ్గుకి."

"నువ్వు చూస్తివా అవ్వా?"

"చూడకుండా? ఆయమ్మ పొడి చీర యాడుండె? నా చేతిలోనే కదరా ఉన్నింది."

అవ్వకు పుస్తకం మీద ఆశ లేదు. తన పేరు రావాలని లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. "మాయమ్మ ముందర దిగిందని రాయి. ఆయమ్మ పేరు పడల్ల. 'కుటుంబముతో' అంట. కుటుంబమంటే ఎవురురా? మేకలా?"

ముందు పెన్సిలుతో చిత్తు రాసుకున్నాను. తరువాత మంచి కాగితం మీద సాపు రాశాను. ఉత్తరం మాదిరి రాసి పంపితే ఎవరో ముసలామె కబుర్లు అని పక్కన పడేస్తారని నాకు తెలుసు. అందుకే పత్రం మాదిరే రాశాను. అవ్వను పంచకు పిలుచుకొచ్చి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాను. సాక్షులుగా ఇద్దరు కావాలి. టీ అంగడాయన ఒకడు. భాగాల పత్రం రాయించుకోవడానికి గుడిబండ నుంచి వచ్చిన రైతు ఇంకొకడు.

ఆ రైతు సంతకం పెడుతూ అడిగాడు. "ఏమప్పా, ఈ అవ్వ ఏమమ్ముతాంది?"

"ఏమీ అమ్మలేదప్పా. చెప్తాంది."

"చెప్పేదానికి వేలిముద్ర ఎందుకప్పా?"

"రేపు కాదంటారని."

"అయితే మా అత్తతో కూడా వేయించు ఒకటి. పొద్దున చెప్పింది మాపటికి కాదంటాది."

చదివి వినిపించినప్పుడు అవ్వ ఒక మాటంది. "నాకంటే నువ్వే బాగా చెప్పినావు నాయనా." ఆ రోజు నేను దాన్ని మెచ్చుకోలనుకున్నాను.

పత్రం హిందూపురానికి పంపాను. ముట్టిందని ఒక కార్డు ముక్క కూడా రాలేదు.

ఆరు నెలలు చూసి నేనే పోయాను. అప్పటికి అక్కడ కొత్తగా పాదిరిగా ఒక యువ అయ్యగారు వచ్చి ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, బెంగుళూరులో క్రైస్తవ వేదాంతం చదివాడు. మాట మాటకూ 'అండీ' అంటాడు. నెలకొక శనివారం పెద్దవాళ్ళకు బైబిలు తరగతి పెట్టాడు. నా పత్రం సంగతి అడిగితే, "కమిటీలో ఉందండీ, కూర్చోండి, తరగతి విని వెళ్ళండి" అన్నాడు. నాకు చూపించిన చోటు తలుపు పక్కన, విరిగిన కోడు కింద ఇటుక పెట్టిన బల్ల. కూర్చున్నాను.

ఆ రోజు ఆయన చెప్పిన సంగతి, యేసు చరిత్ర చెప్పే నాలుగు సువార్తలు ఎవరు రాశారని. ఎవరు రాశారని అడగడమేమిటి, పైన పేరు అచ్చు వేసి ఉంది కదా అనుకున్నాను. ఆయన ఆ పేరు మీద వేలు పెట్టి మూసేశాడు. "ఇప్పుడు లోపల వెతకండి. 'ఫలానా నేను దీన్ని రాశాను' అని నాలుగింటిలో ఎక్కడైనా పేరుతో ఉందా?" అన్నాడు. లేదు. పేర్లు తరువాతి కాలం సంఘాలు పెట్టినవట. మొదటి ప్రతి ఒక్కటీ దొరకలేదట. దొరికినవన్నీ నకలుకు నకళ్ళట. మొదటి మూడింటిలో కొన్ని చోట్ల మాటకు మాట ఒకటే ఉంది కాబట్టి ఒకరిది ఒకరు చూసి రాసి ఉండాలట. చాలామంది పండితులు రెండోదే ముందు పుట్టిందంటారట. నాలుగోది వేరే దోవన పోతుందట. దేవాలయంలో వ్యాపారులను తరిమేసిన సంగతి మూడింటిలో చివర్లో ఉంటే, దాంట్లో మొదట్లోనే ఉంది. పత్రికల్లో, అంటే అప్పటి సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, కొన్ని పెద్ద అపొస్తలుడు ఒకాయన పేరుతో ఉన్నా ఆయనవి కావేమోనని కొందరికి అనుమానమట. ఒకదానికైతే లోపల పేరే లేదు.

"ఇది మీ విశ్వాసం తీసెయ్యడానికి చెప్పడం లేదండీ" అన్నాడు. నా విశ్వాసం పోలేదు. కానీ ఎక్కడ పెట్టానో తెలియకుండా పోయింది.

లేచి అడిగాను. "అయ్యగారూ, రాసినవాడు పేరు పెట్టకుంటే అది రిజిస్టరు ఎట్లా అయింది?"

"అప్పుడు రిజిస్ట్రారు లేడండీ. చదివి నమ్మినవాళ్ళే రిజిస్ట్రార్లు" అన్నాడు.

అది సమాధానమా, నన్ను ఆట పట్టించడమా అని పెనుకొండ స్టేషను వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. చిన్నప్పటి నుంచి నా తలలో నలుగురు మనుషులు నాలుగు చోట్ల కూర్చొని రాసుకుంటూ ఉండేవాళ్ళు. ఒకాయనకు గడ్డం పొడుగు, ఒకాయన నా మాదిరే మోకాలి మీద పలక పెట్టుకొని రాస్తాడు. ఇప్పుడు ఆ నాలుగు చోట్లూ ఖాళీ. కాగితాలున్నాయి, మనుషులు లేరు.

ఇంట్లో చెబితే నా భార్య అంది. "ఎవురు రాస్తే ఏమి? రాసినదాంట్లో తప్పుండాదా?"

"అదే నేనడిగేది, ఉండాదా అని."

"నన్నడిగితే? పోయి ఆయప్పనడుగు. చారు చల్లారిపోతాంది."

ఆ నెలంతా, పత్రానికీ పత్రానికీ మధ్య, బైబిలు తీసి చదివాను. ఇదివరకు భక్తితో చదివేవాణ్ణి. ఇప్పుడు పత్రం చదివినట్టు కింది నుంచి పైకి చదివాను. మా పనిలో మొదట చివరి పేజీయే చూస్తాం. అట్లా చూస్తే దొరికింది. రోమా పట్టణం వాళ్ళకు రాసిన పత్రిక చివర, చెప్పినవాడు అపొస్తలుడైనా, రాసినవాడు వేరే ఒకడు తన పేరు చెప్పుకొని అందరికీ వందనాలు పెట్టాడు. అచ్చం దస్తూరి! ఇంకో పత్రిక చివర, చూడండి నేను నా సొంత చేత్తో ఎంత పెద్ద అక్షరాలు రాస్తున్నానో అని ఆ అపొస్తలుడే అంటాడు. అంటే మిగతాది వేరేవాడు రాశాడు, చేవ్రాలు ఈయన పెట్టాడు. నాలుగో సువార్త చివర ఇంకా బాగుంది. ఈ సంగతులు చెప్పి, రాసినది ఆ శిష్యుడే, అతని సాక్ష్యం నిజమని మేమెరుగుదుము అని ఉంది. మేము అంటే ఎవరు? సాక్షులు! పేర్లు పెట్టలేదు కానీ సాక్షులే.

ఆ ముప్ఫై రోజులు నేను సంతోషంగా ఉన్నాను. రెండు వేల ఏండ్ల కింద కూడా నాలాంటివాడు ఒకడు పంచలో కూర్చొని రాశాడు, చివర తన పేరు ఒక్క వరుసలో పెట్టుకున్నాడు, ఎవరూ దాన్ని కొట్టెయ్యలేదు.

తరువాతి తరగతిలో చెప్పాను. అయ్యగారు "భలే!" అన్నాడు. నా చేతిలో పుస్తకం తీసుకొని చూశాడు. ఇటుక బల్ల మీది నుంచి నన్ను ముందు వరుసలోకి పిలుస్తాడేమో అనుకున్నాను. పిలవలేదు. రెండు నెలలకు మా చుట్టాల పెండ్లికి ధర్మవరం పోతే, ఆ ఆదివారం అక్కడి చర్చిలో ప్రసంగం ఆయనదే. రాసినవాడు, చెప్పినవాడు, పెద్ద అక్షరాలు, సాక్షులు, అంతా చెప్పాడు. బాగా చెప్పాడు. పెనుకొండలో ఒకడు దీన్ని పట్టుకున్నాడని మాత్రం చెప్పలేదు.

గుడి బయట అడిగాను. "అయ్యా, అది నేను చెప్పింది కదా?"

"అది పండితులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతేనండీ."

"మీకు ముందే తెలిసుంటే ఆ రోజు భలే అని ఎందుకంటిరి?"

ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ దినం పెండ్లి భోజనం కూడా సరిగా తినలేదు.

కమిటీ కూర్చునేటప్పటికి ఇంకో ఎండాకాలం వచ్చింది. ఈసారి నాకు కార్డు వచ్చింది. హాల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. అయ్యగారు ఒక్కొక్క కాగితమే చదివి, తీసుకోవాలా వద్దా అని అడుగుతున్నాడు. అవ్వ పత్రం తీశాడు. 'నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేక, నా ఇష్టపూర్వకముగా చెప్పి రాయించిన వాంగ్మూలము' అని మొదలైంది. ఆయన ముఖంలో చిన్న కదలిక. తరువాత బావి చెక్కుబందీ. తూర్పు బస్సులు నిలిచే మైదానం దోవ. ఉత్తరం వంక. పడమర కొండకు పోయే బాట. దక్షిణం రైసుమిల్లు ప్రహరీ.

ఆయన ఆగాడు. "ఇది ఏ కాలం సంగతండీ?"

"కరువు కాలం."

"అప్పుడు రైసుమిల్లు ఉందా?"

నేను నోరు తెరిచేలోపల పైకి నవ్విన ఆయన అందుకున్నాడు. "గంజికి గతిలేని కాలంలో రైసుమిల్లు యాడిదప్పా!"

అప్పుడే ఆ మూడు నవ్వులు.

నేను చెప్పాను. హద్దులు రాసిన రోజువి, సంగతి జరిగిన రోజువి కావని. బావి ఎక్కడుందో చదివేవాడికి తెలియాలి కదా అని. అయ్యగారు నవ్వలేదు. అది ఒప్పుకోవాలి. కాగితం బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పాడు. "మీరు చెప్పింది నాకు అర్థమైందండీ. యెరూషలేములో ఒక కోనేరు 'ఉన్నది' అని నాలుగో సువార్తలో రాసి ఉంది, 'ఉండేది' అని కాదు. దాని గురించి కూడా పండితులు సరిగ్గా ఇట్లాగే కొట్టుకుంటారు. పట్నం పాడుకాక ముందు రాశాడా, తరువాత రాశాడా అని. మీ కాగితంలో రైసుమిల్లు ఉంది కాబట్టి ఇది ఎప్పుడు రాసిందో తెలుస్తోంది. ఎప్పుడు జరిగిందో తెలియడం లేదు. పూర్తి తెలివితో అనే మాట మీ అవ్వ అన్నారా?"

"అది అందరూ అంటారు."

"ఎవరూ అనరండీ. మీరు రాస్తారు. అబద్ధం రాశారని కాదు నేననేది. మీరు రాశారు అంటున్నాను. ఈ సాక్షులు, వీళ్ళు ఆ రోజు బావి దగ్గర ఉన్నారా?"

"వాళ్ళు వేలిముద్రకు సాక్షులు. బాప్తిస్మానికి కాదు."

ధర్మవరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు పట్టుచీరలు నేసేవాడు. ఆయన నా పక్కన కూర్చొని ఉన్నాడు. "ఇంతెందుకప్పా? నేను నేసిన చీర అంగడాయన పేరుతో పోతాది. కట్టుకున్నామె ఎవురు నేసినారని ఎప్పుడైనా అడిగిందా? చీర బాగుండాదా లేదా, అంతే" అన్నాడు. నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు. అదీ నాకు సాయం కాలేదు.

చివరకు ఒకటే అడిగాను. "సువార్తలు నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయని మీరే చెప్తిరి. పేర్లు తరువాత పెట్టినారంటిరి. వాటిని తీసేస్తారా?"

"తీసెయ్యమండీ. నాలుగూ పక్కపక్కన పెట్టుకొని చదువుతాం. మీ అవ్వగారి మాట పక్కన పెట్టడానికి రెండోది లేదు. ఉన్నది రిజిస్టరు. అది వేరే చెబుతోంది."

ఇది నాకు ఈ రోజుకూ అర్థం కాలేదు. నాలుగు ఉండి నాలుగు దోవల పోతే నిలుస్తాయి. ఒక్కటే ఉంటే నిలవదు. రిజిస్టరు రాసినవాడు మాత్రం బావిలోకి దిగాడా? 'కుటుంబముతో' అని వాడు రాసింది వాడి పని అలవాటు కాదా? నేను 'పూర్తి తెలివితో' రాసింది ఎట్లాగో, అది కూడా అట్లాగే కదా? ఈ మాట నాకు ఆ హాల్లో తట్టలేదు. తిరుగు రైల్లో మలుగూరు దాటినాక తట్టింది.

అవ్వ తల్లి పేరు వెయ్యమని కమిటీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. పుస్తకం అరవైల మొదట్లో అచ్చయింది. నాకు ప్రతి పంపలేదు, అడిగి తెచ్చుకున్నాను. పెనుకొండ గురించి రెండు పేజీలు. అందులో అవ్వ వాళ్ళ నాయన పేరు రెండు సార్లు ఉంది. దాని కింద ఒక వాక్యం. కొందరు వృద్ధులు చెప్పుకొనునట్లు ఆ దినమున ఒక స్త్రీ అందరికంటె ముందుగా నీటిలోనికి దిగెను. అంతే. కొందరు వృద్ధులు! ఒక స్త్రీ!

అప్పటికి అవ్వకు చూపు లేదు. మంచం మీదే ఉండేది. పుస్తకం వాసన పట్టి అడిగింది. "వచ్చిందా రా? పడిందా మాయమ్మ పేరు?"

నేను పుస్తకం తెరిచి, ఆ పేజీ తీసి, చదివాను. 'ఒక స్త్రీ' అని ఉన్న చోట నా సాపు ప్రతిలోని పేరు పెట్టి చదివాను. అచ్చులో లేనిది ఉన్నట్టు చదవడం నా జీవితంలో అదొక్కసారే. రోజుకు పది పత్రాలు చదివి వినిపించేవాణ్ణి, ఒక్క అక్షరం మార్చలేదు.

అవ్వ "ఆయమ్మెవురు?" అంది.

"మీయమ్మ కదవ్వా."

"మాయమ్మకి ఆ పేరెవురు పెట్టినారు?"

"నువ్వే చెప్తివి. నేను రాస్తి."

"నేనా?" కప్పుకున్న దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ ఉంది. "పేరు లేకుంటే పత్రం చెల్లదని నువ్వంటివి కదా. ఏదో ఒకటి చెప్పింటా."

"ఏదో ఒకటంటే ఎట్లవ్వా? అది మీయమ్మ పేరా, కాదా?"

"మాయమ్మని నేను అమ్మా అంటి. మా నాయన ఒమ్మే అనె. దొర నీళ్ళల్లో కొత్త పేరు పెట్టినాడు. ఆయప్ప తెలుగు ఆయప్పకే తెలియాల. నేను పైమెట్టు మీద ఉంటి. నాకి ఇనపళ్ళే."

లోపలికి పోయి పెట్టె తెరిచి చిత్తు తీశాను. పెన్సిలు రాత మసక అయింది కానీ కనబడుతుంది. 'మా తల్లి' అని రాసి, తరువాత ఒక గీత ఉంది. పత్రాల చిత్తులో పేరు తెలియని చోట మేము గీత గీసి వదులుతాం, తరువాత అడిగి నింపుతాం. సాపులో ఆ గీత చోట పేరుంది. ఆ రెండింటి మధ్య ఏమి జరిగింది? అవ్వను అడిగానా? అడిగినట్టే గుర్తు. ఆమె వంటింటి గడప మీద కూర్చొని చెప్పినట్టు కూడా గుర్తు. కానీ గుర్తున్నది ఆ రోజుదా, లేక అడిగి ఉంటాను కదా అని నేను తరువాత కట్టుకున్నదా? కమిటీకి ఆ పేరు కోసం నేను ఎన్ని ఉత్తరాలు రాశానో వాళ్ళకు తెలుసు. ప్రతి ఉత్తరంలోనూ మా అవ్వ స్వయంగా చెప్పిన పేరు అని రాశాను.

మరుసటి రోజు పొద్దున మళ్ళీ అడిగాను. ఆమె తడుముకోకుండా ఆ పేరే చెప్పింది. "అదే కదరా మాయమ్మ పేరు. నిన్న నువ్వే చదివితివి."

ఏ రోజు అవ్వను నమ్మాలి? వేలిముద్ర వేసిన రోజు చెప్పిందా, కాదన్న రోజు చెప్పిందా, నేను చదివింది విని మళ్ళీ నాకే చెప్పిన రోజు చెప్పిందా? మూడు రోజులూ ఒకే మనిషి, పూర్తి తెలివితోనే ఉంది. ఇంక ఒకటే మిగిలింది అడగడానికి.

"ముందర దిగింది మీయమ్మేనా అవ్వా? అదైనా నిజమేనా?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది, ఏదో పట్టుకున్నట్టు. "పొడి చీర నా చేతిలో ఉన్నింది కదరా. మా నాయన నా పక్కన నిలబడి ఉండె. నా కన్నా ఎక్కువ వణుకుతాండె." కోపంగా గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ చలికాలంలో అవ్వ పోయింది.

ఈ సంగతి అయ్యగారికి నేను చెప్పలేదు. చెబితే ఆయన సంతోషపడతాడు, ప్రసంగంలో కూడా చెబుతాడు. కమిటీకి మాత్రం ఇంకొక ఉత్తరం రాశాను. ఈసారి పేరు అడగలేదు. ఎందుకు అడగలేదో రాయలేదు. మళ్ళీ అచ్చు వేస్తే 'కొందరు వృద్ధులు చెప్పుకొనునట్లు' అనేది తీసేసి 'ఆమె కూతురు చెప్పినట్లు' అని పెట్టమన్నాను. నాకు దస్తూరి కూడా వద్దన్నాను. అయ్యగారి చేతిరాతతో కార్డు వచ్చింది. సూచన బాగుంది, రెండో ముద్రణ వస్తే తప్పక గమనిస్తాము అని. రెండో ముద్రణ వేయలేదు. ఆయనకూ బదిలీ అయిపోయింది.

నా ప్రతిలో నేనే దిద్దాను. 'కొందరు వృద్ధులు చెప్పుకొనునట్లు' మీద ఒక గీత కొట్టి, పైన సన్నగా 'ఆమె కూతురు చెప్పినట్లు' అని రాశాను. దిద్దిన పత్రం అడుగున కొట్టివేతలు ఎన్నో, పైన చేర్చిన మాటలు ఎన్నో రాయకుంటే చెల్లదు. అందుకని ఆ పేజీ అడుగున కొట్టివేత ఒకటి, పైన చేర్చిన మాటలు మూడు అని రాసి దస్తూరి పెట్టాను. సిరా రంగు అచ్చు రంగు కన్నా కొత్తగా ఉంది. ఎవరు చూసినా ఇది తరువాతి చెయ్యి అంటారు. అవును, తరువాతి చెయ్యే.